వాయువులు ఘనపదార్థాలకు అంటుకునే తీరు – మూడో పాఠం: కుర్చీలు లెక్కపెట్టడం

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. చేసినవాళ్లకు ఇవాళ్టి పాఠం సగం ముందే తెలిసిపోయి ఉంటుంది. కుదరనివాళ్ల కోసం మళ్లీ చెప్తాను. బూట్ల డబ్బాల్లో, బ్యాగుల్లో చిన్న చిన్న తెల్ల పొట్లాలు వస్తాయి కదా, సిలికాజెల్. వాటిని చింపి పది గ్రాముల గింజలు పోగుచెయ్యాలి. వంటకు వాడని పాత స్టీలు గిన్నెలో పోసి, 110, 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచి ఎండబెట్టాలి. నీలం రంగు గింజలైతే వద్దు. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, అది విషం. తర్వాత ఒక గాజుసీసా అడుగున ఉప్పునీళ్లు పొయ్యాలి. ఎంత కలిపినా ఇంకా కరగకుండా కాస్త ఉప్పు అడుగున మిగలాలి, అంత చిక్కగా. ఆ నీళ్లు తగలకుండా పైన చిన్న మూతలో గింజలు పెట్టి, సీసా బిగించెయ్యాలి. రోజుకు రెండుసార్లు గింజలు బయటికి తీసి, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద తూచి, బరువు రాసుకోవాలి.

ఉప్పునీళ్లే ఎందుకంటే, ఉప్పు ఇక కరగనంత చిక్కటి నీళ్లున్న మూసిన సీసాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో దాన్ని పీడనంగా చెప్తే, నీటి ఆవిరి పీడనం సుమారు 2.4 కిలోపాస్కల్. అంటే ఖరీదైన పరికరం ఏదీ లేకుండానే ఒక వాయువు పీడనాన్ని మారకుండా పట్టి ఉంచాం.

ఇప్పుడు మీరు రాసుకున్న బరువులు చూడండి. మొదట గబగబా పెరిగి, తర్వాత నెమ్మదించి, చివరికి ఒక అంకె దగ్గర ఆగిపోయి ఉంటాయి. ఎందుకు ఆగిపోయింది? చాలామంది చెప్పే జవాబు, "గింజలు నిండిపోయాయి కాబట్టి" అని. ఆ జవాబు తప్పు. ఈ పాఠమంతా ఆ ఒక్క తప్పు గురించే.

నమ్మకం కుదరకపోతే ఇంకో అడుగు వెయ్యండి. సీసాలో ఉప్పునీళ్లు పారబోసి, మామూలు మంచినీళ్లు పొయ్యండి. బరువు మళ్లీ పెరగడం మొదలవుతుంది. నిండిపోయిన గింజలు మళ్లీ ఎలా పట్టాయి? తర్వాత అవే గింజల్ని ఎండాకాలం మధ్యాహ్నం పొడిగాలిలో తెరిచి ఉంచండి. ఈసారి బరువు తగ్గుతుంది. ఎవరూ పిండలేదు, వేడి చెయ్యలేదు. చుట్టూ ఆవిరి తగ్గింది, గింజలు తమంతట తామే వదిలేశాయి. అంటే ఆగడం వేరు, నిండడం వేరు.

టిఫిన్ హోటల్లో ఉదయం ఎనిమిదింటికి

ఒక హోటలు అనుకోండి. లోపల 40 కుర్చీలు. వచ్చేవాళ్లు వస్తున్నారు, తినేసినవాళ్లు లేస్తున్నారు. గంటసేపు చూస్తే లోపల ఎప్పుడూ ఓ 25 మంది కూర్చునే కనిపిస్తారు. 25 దగ్గర ఆగిందంటే హోటలు నిండిందనా? కాదు. నిమిషానికి ఎంతమంది కూర్చుంటున్నారో అంతమంది లేస్తున్నారు, అంతే. మనుషులు మారిపోతున్నారు, లెక్క మారడం లేదు. రసాయనశాస్త్రంలో దీన్నే సమతాస్థితి అంటాం.

(పెళ్లిభోజనాల బంతితో పోలిస్తే బాగుంటుందని మొదట అనుకున్నాను. కానీ బంతిలో అందరూ ఒకేసారి కూర్చుని, ఒకేసారి లేస్తారు. అణువులకు ఆ మర్యాద లేదు. దేని దారి దానిది.)

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. నిమిషానికి ఎంతమంది కూర్చోగలరన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. గుమ్మం దగ్గర ఎంత రద్దీ ఉంది, లోపల ఎన్ని కుర్చీలు ఖాళీ ఉన్నాయి. ఎంతమంది లేస్తారన్నది మాత్రం ఒక్కదాని మీదే, ఎంతమంది కూర్చుని ఉన్నారన్న దాని మీద. రద్దీ అంటే వాయువు పీడనం. కుర్చీలు అంటే ఘనపదార్థం ఉపరితలం మీద అణువు అంటుకునే చోట్లు. కూర్చునే వేగం, లేచే వేగం సమానం అని రాసి సర్దితే, కింది సూత్రం వచ్చి తీరుతుంది:

నిండిన వంతు = (కె × పీడనం) ÷ (1 + కె × పీడనం)

ఇందులో కె అనేది ఆ జంట స్వభావం. ఫలానా వాయువు, ఫలానా ఘనపదార్థం, ఫలానా ఉష్ణోగ్రత. అణువు గట్టిగా పట్టుకుంటే, అంటే ఆలస్యంగా లేస్తే, కె పెద్దది. ఉష్ణోగ్రత పెంచితే అణువులు తొందరగా లేస్తాయి, కె తగ్గుతుంది. అంటుకునేటప్పుడు వేడి బయటికి వస్తుందని రెండో పాఠంలో చూశాం, ఇది దానికి అవతలి ముఖం.

ఈ సూత్రాన్ని ఇచ్చినాయన అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో పనిచేసేవాడు. కరెంటు బల్బులో టంగ్‌స్టన్ తీగ చుట్టూ వాయువులు ఎలా ప్రవర్తిస్తాయో చూస్తూ చూస్తూ ఈ దారిలోకి వచ్చాడు. 1918లో ఆయన అచ్చువేసిన వ్యాసంలో కొలతలు గాజు, అభ్రకం, ప్లాటినం చదును పలకల మీద తీసుకున్నవి. నాకు ఆ ఎంపిక ఎంతో నచ్చుతుంది. బొగ్గు తీసుకుని ఉంటే వాయువు ఎక్కువ పట్టేది, కొలవడం తేలికయ్యేది. కానీ బొగ్గు ఉపరితలం ఎంతో ఎవరికి తెలుసు? అభ్రకం రేకు అలా కాదు. గూడూరు వైపు గనుల్లో దొరికే అభ్రకం చూసినవాళ్లకు తెలుసు, పొరలు పొరలుగా అద్దంలా విడిపోతుంది. పొడవు, వెడల్పు కొలిస్తే వైశాల్యం చేతికొస్తుంది. ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి ఆయనకు 1932లో నోబెల్ వచ్చింది.

సూత్రాన్ని రెండు కొసల్లో చూడండి. పీడనం చాలా తక్కువుంటే కింద ఉన్న 1 ముందు కె × పీడనం లెక్కలోకి రాదు. అప్పుడు రద్దీ రెట్టింపైతే కూర్చునేవాళ్లూ రెట్టింపు. పీడనం చాలా ఎక్కువైతే వంతు 1కి దగ్గరవుతుంది, కానీ ఎప్పటికీ 1ని తాకదు. మధ్యలో ఒక ముఖ్యమైన చోటుంది. కె × పీడనం సరిగ్గా 1 అయినప్పుడు వంతు సరిగ్గా సగం. కాబట్టి కె ఎంత అని కాకుండా, "ఎంత పీడనం దగ్గర సగం నిండుతుంది?" అని అడగడం అలవాటు చేసుకోండి. అంకె కంటి ముందు కనిపిస్తుంది.

వంకర గీత, తిన్నటి గీత

ఇక అసలు నేర్చుకోవాల్సిన పని. హోటల్లో కుర్చీలు బయటినుంచి కనపడవు. కూర్చున్నవాళ్ల లెక్క మాత్రమే మనకు తెలుస్తుంది. దాన్నిబట్టి మొత్తం కుర్చీలెన్నో చెప్పాలి.

డిగ్రీ చదివేటప్పుడు బొగ్గు మీద ఎసిటిక్ ఆమ్లం అంటుకునే ప్రయోగం చేశాను. అక్కడ వాయువు లేదు, ద్రావణం. పీడనం బదులు గాఢత. సూత్రం మాత్రం ఇదే. చుక్కలు పెట్టి గీత గీస్తే, ముందు నిటారుగా లేచి తర్వాత పక్కకు ఒరిగింది. ఆ ఒరుగును పెన్సిలుతో అలాగే ముందుకు సాగదీసి, "ఇక్కడ చదునవుతుంది" అని ఒక అంకె రాశాను. పక్కనున్న స్నేహితుడు అవే చుక్కల్ని సాగదీసి వేరే అంకె రాశాడు. ఇద్దరం వాదించుకున్నాం. మా లెక్చరర్ గారు రెండూ చూసి అన్నారు, "వంకర గీతని సాగదీస్తే అది ఎవరి చేతివాటం వాళ్లది. తిన్నటి గీతని స్కేలు సాగదీస్తుంది." ఆ రోజు నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ఒక గ్రాము ఘనపదార్థం పట్టిన వాయువును "పట్టు" అందాం, మిల్లీమోల్‌లలో (మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలమానం, అందులో వెయ్యో వంతు మిల్లీమోల్). అన్ని చోట్లూ ఒక పొర నిండితే పట్టేదాన్ని "నిండు పట్టు" అందాం. నిండిన వంతు అంటే పట్టును నిండు పట్టుతో భాగించినదే. పై సూత్రాన్ని తిరగేసి సర్దితే ఇలా మారుతుంది:

పీడనం ÷ పట్టు = 1 ÷ (నిండు పట్టు × కె) + పీడనం ÷ నిండు పట్టు

కళ్లు తిరిగేలా ఉన్నా, టెన్షన్ పడకండి. ఇది పదో తరగతి సరళరేఖే. అడ్డంగా పీడనం, నిలువుగా పీడనం ÷ పట్టు. గీత వాలు 1 ÷ నిండు పట్టు. గీత నిలువు అక్షాన్ని తాకే చోటు 1 ÷ (నిండు పట్టు × కె). వాలును ఈ తాకే విలువతో భాగిస్తే కె మిగులుతుంది.

కింది అంకెలు అభ్యాసం కోసం నేను తయారుచేసినవి. ఒక బొగ్గు, ఒక వాయువు, ఒకే ఉష్ణోగ్రత. గ్రాఫ్ కాగితం తీసుకుని నాతోపాటు చెయ్యండి.

పీడనం 10 కిలోపాస్కల్ – పట్టు 0.667
పీడనం 25 – పట్టు 1.333
పీడనం 50 – పట్టు 2.000
పీడనం 100 – పట్టు 2.667
పీడనం 200 – పట్టు 3.200

ముందు ఒక ప్రశ్న. అంకెలు చూస్తే నిండు పట్టు ఎంత ఉంటుందనిపిస్తోంది? 3.3? 3.5? మనసులో ఒకటి అనుకుని పక్కన రాసిపెట్టండి.

ఇప్పుడు ప్రతి వరసలో పీడనాన్ని పట్టుతో భాగించండి. 15, 18.75, 25, 37.5, 62.5 వస్తాయి. ఈ ఐదు చుక్కలూ పెడితే ఒకే గీత మీద కూర్చుంటాయి. వాలు కోసం దూరంగా ఉన్న రెండు చుక్కలు తీసుకోండి. నిలువు తేడా 62.5 – 15 = 47.5. అడ్డం తేడా 200 – 10 = 190. భాగిస్తే 0.25. నిండు పట్టు 1 ÷ 0.25 = 4 మిల్లీమోల్‌లు. గీతను వెనక్కి జరిపితే నిలువు అక్షాన్ని 12.5 దగ్గర తాకుతుంది. కె = 0.25 ÷ 12.5 = 0.02. సగం నిండే పీడనం 1 ÷ 0.02, అంటే 50 కిలోపాస్కల్. పట్టిక వైపు తిరిగి చూడండి. 50 దగ్గర పట్టు సరిగ్గా 2, నాలుగులో సగం. మన లెక్క తనను తానే సరిచూసుకుంది.

200 కిలోపాస్కల్ దగ్గర కూడా ఐదో వంతు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీరు రాసిపెట్టుకున్న అంకెతో పోల్చుకోండి.

ఏ చుక్కల్ని నమ్మాలి

ఇక్కడ కాసేపు ఆగుదాం. సూత్రం వచ్చినవాళ్లు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

పరికరం పెద్ద పీడనానికి వెళ్లలేదనుకోండి. 1, 2 కిలోపాస్కల్ దగ్గర మాత్రమే కొలిచాం. అదే బొగ్గుకు అసలు పట్టులు 0.0784, 0.154. పీడనాన్ని పట్టుతో భాగిస్తే 12.75, 13.00. వాలు 0.25, నిండు పట్టు 4, బాగానే ఉంది. ఇప్పుడు రెండో కొలత కాస్త తప్పింది, 0.154 బదులు 0.151 అని రాశాం. రెండు శాతం కూడా లేని తప్పు. భాగిస్తే 13.25 వస్తుంది. వాలు 0.5 అయింది. నిండు పట్టు 2 అయిపోయింది! కాటా వేసిన చిన్న తప్పుకు సగం కుర్చీలు మాయం.

అదే రెండు శాతం తప్పు 200 కిలోపాస్కల్ దగ్గర చేద్దాం. 3.2 బదులు 3.14. మొదటి చుక్కతో కలిపి వాలు తీస్తే 0.256, నిండు పట్టు 3.9. పెద్ద నష్టం లేదు.

ఇది హోటలుకూ వర్తిస్తుంది. 40 కుర్చీల హోటల్లో ఇద్దరే కూర్చుని ఉంటే, ఆ ఇద్దర్ని ఎంతసేపు చూసినా అక్కడ 40 ఉన్నాయో 400 ఉన్నాయో తెలీదు. కుర్చీల కొరత వచ్చినప్పుడే కుర్చీల లెక్క బయటపడుతుంది. కాబట్టి ఎవరైనా నిండు పట్టు ఇంత అని చెప్తే, మొదట అడగాల్సిన ప్రశ్న: కొలతలు సగం నిండే పీడనం దాటి వెళ్లాయా?

మరో జాగ్రత్త, ప్రతి చుక్క దగ్గరా బరువు నిజంగా ఆగేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి తూస్తే అది సమతాస్థితి పట్టు కాదు, మన తొందరకు కొలత.

గ్రాములో ఎన్ని గజాలు

కుర్చీలెన్నో తెలిసింది. ఒక్కో కుర్చీకి ఎంత చోటో తెలిస్తే స్థలం మొత్తం చెప్పొచ్చు. ఇందుకు ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది నైట్రోజన్, అదీ మైనస్ 196 డిగ్రీల చలిలో. అక్కడ ఒక్కో నైట్రోజన్ అణువు 0.162 చదరపు నానోమీటర్ల చోటు ఆక్రమిస్తుందని తీసుకుంటారు.

ఆ పద్ధతిలో ఒక బొగ్గుకు నిండు పట్టు 4 మిల్లీమోల్‌లు వచ్చిందనుకుందాం. 0.004 మోల్‌ను, ఒక మోల్‌లో ఉండే అణువుల లెక్క అయిన అవగాడ్రో సంఖ్య 6.022 × 10²³తో గుణిస్తే 2.41 × 10²¹ అణువులు. దాన్ని 0.162 × 10⁻¹⁸ చదరపు మీటర్లతో గుణించండి. సుమారు 390 చదరపు మీటర్లు. గజాల్లో చెప్తే 466 గజాలు. ఒక్క గ్రాములో! మంచి ఇంటి స్థలం, రోడ్డుతో సహా, చెంచాడు బొగ్గులో మడతపడి ఉంది. ఇదేం గొప్ప బొగ్గు కూడా కాదు. కొబ్బరిచిప్పల నుంచి తయారయ్యే మంచి యాక్టివేటెడ్ కార్బన్‌లో గ్రాముకు 1000 చదరపు మీటర్లు మామూలే. అంటే దాదాపు 25 సెంట్లు. నాలుగు గ్రాములు అరచేతిలో పెట్టుకుంటే ఎకరం.

వాటర్ ఫిల్టర్ మార్చినప్పుడు పాత కార్బన్ గొట్టం దొరికితే, నాలుగు గింజలు తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి. నల్లగా, పొడిగా, ఏమీ లేనట్టు ఉంటుంది. ఆ స్థలమంతా కంటికి కనపడని రంధ్రాల గోడల మీద ఉంది.

గట్టిగా పట్టుకుంటే మంచిదేనా

2021లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. అందులో ఉండేది జియోలైట్ అనే ఖనిజం గింజలు. గాలిని పీడనంతో వాటి గుండా పంపితే నైట్రోజన్ ఎక్కువగా అంటుకుంటుంది, ఆక్సిజన్ ముందుకు సాగిపోతుంది. కాసేపటికి కుర్చీలు నిండుతాయి. అప్పుడు పీడనం తగ్గిస్తే నైట్రోజన్ లేచి బయటికి పోతుంది. రెండు గొట్టాలుంటాయి, ఒకటి పట్టేటప్పుడు ఇంకొకటి వదులుతుంది. దగ్గర కూర్చున్నవాళ్లకు వినపడే ఆ "టక్... స్‌స్" చప్పుడు ఈ మార్పిడిదే. గాలిలో కొద్దిగా ఉండే ఆర్గాన్ వాయువు కూడా ఆక్సిజన్ లాగే దాటిపోతుంది కాబట్టి నైట్రోజన్ మొత్తం పోయినా ఆక్సిజన్ 95, 96 శాతం దాటదు.

ఇందులో కె ఎంత పెద్దదైతే అంత మంచిదనిపిస్తుంది. లెక్క వేద్దాం. మన అభ్యాసం బొగ్గును 200కీ 50కీ మధ్య ఊపితే, ప్రతి విడతలో 3.2 – 2.0 = 1.2 మిల్లీమోల్‌లు పట్టి వదులుతుంది. నిండు పట్టు 4గానే ఉంచి, కెను వంద రెట్లు పెంచి 2 చేద్దాం. 200 దగ్గర పట్టు 3.99, 50 దగ్గర 3.96. ప్రతి విడతలో మనకు దక్కేది 0.03. కుర్చీలన్నీ నిండే ఉన్నాయి, కానీ ఎవరూ లేవరు. పట్టడం ఎంత ముఖ్యమో వదలడం అంత ముఖ్యం. నిండు పట్టు ఒక్కటే చూసి పదార్థాన్ని ఎంచుకోవడం అందుకే నాకు తప్పనిపిస్తుంది.

గీత వంగితే

లాంగ్‌మ్యూర్ మూడు విషయాలు ఒప్పుకుని లెక్క మొదలుపెట్టాడు. ఒక చోట ఒక్క అణువే, ఒక్క పొరే. అన్ని చోట్లూ ఒకేలాంటివి. పక్కవాడు కూర్చున్నాడా లేదా అన్నది పట్టింపు లేదు. నిజమైన బొగ్గులో కొన్ని చోట్లు ఫ్యాను కింద కుర్చీల్లాంటివి, ముందవే నిండుతాయి. అప్పుడు పీడనం ÷ పట్టు గీత తిన్నగా రాదు. అలాంటప్పుడు ఫ్రాయిండ్లిష్ అనే శాస్త్రవేత్త పేరుతో ఉన్న ఇంకో సూత్రం ప్రయత్నిస్తారు, రెండువైపులా లాగరిథం తీసుకుని గీస్తారు. అందులో నిండు పట్టు అన్న మాటే ఉండదు, గుర్తుపెట్టుకోండి.

మన సిలికాజెల్ మాటేమిటి? తేమ ఎక్కువైతే అణువుల మీద అణువులు కూర్చుంటాయి, సన్నటి రంధ్రాల్లో ఆవిరి నీరుగానే మారుతుంది. మంచినీళ్లు పోసినప్పుడు బరువు మళ్లీ పెరగడంలో దానికీ వాటా ఉంది. పొర మీద పొర లెక్క 1938లో బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు చూపించారు. నాలుగో పాఠం దాని గురించే. ఇందాకటి గజాల లెక్కలో నిండు పట్టు నిజానికి వాళ్ల పద్ధతిలోనే తీస్తారు.

ఈలోగా ఒక లెక్క. ఇంకో బొగ్గు, అదే వాయువు, అదే ఉష్ణోగ్రత. పీడనం 5, 10, 20, 40, 90 కిలోపాస్కల్ దగ్గర పట్టు 0.833, 1.25, 1.667, 2.0, 2.25. నిండు పట్టు, కె, సగం నిండే పీడనం తియ్యండి. వాలు 0.4 రావాలి. తర్వాత రెండు బొగ్గుల పట్టునూ ఒకే కాగితం మీద పీడనానికి ఎదురుగా గియ్యండి, ఈసారి వంకర గీతలే. తక్కువ పీడనంలో ఏది పైన ఉంది, ఎక్కువ పీడనంలో ఏది పైన ఉంది, ఎందుకు తారుమారైందో ఒక్క వాక్యంలో రాయండి. రెండు గీతలూ 55కూ 60కీ మధ్య ఒకదాన్నొకటి దాటితే మీ లెక్క సరిపోయినట్టే.